వెలిమెల వాగు దాకా దసలి పురుగుల వెంట

ఈ ప్రయాణానికి కారణం తపాలాలో వచ్చిన ఒక చిన్న అట్టపెట్టె. డెబ్బై ఆరో సంవత్సరం వేసవిలో మా అక్క కమల రామచంద్రపురం ఫ్యాక్టరీ కాలనీ నుంచి దాన్ని ఏలూరుకి పంపింది. లోపల దూది, దూదిలో బూడిద రంగు కాయ ఒకటి. కోడిగుడ్డు కంటే కొంచెం చిన్నది. గోటితో కొడితే టక్కుమంది. ఒక చివర గట్టి తొడిమ, తొడిమ కొసన పుల్లని చుట్టుకున్న ఉంగరం. "మీ బావ సైకిలు మీద పటాన్‌చెరు వైపు వెళ్తుంటే రేగుచెట్టుకి వేలాడుతూ కనబడిందట. ఇదేం కాయో సైన్సు టీచరువి నువ్వే చెప్పాలి" అని ఉత్తరం.

అది కాయ కాదు, దసలి పట్టుపురుగు కట్టుకున్న గూడు. బాలికల పాఠశాలలో పన్నెండేళ్ళుగా ఆ బొమ్మని రంగు సుద్దలతో నల్లబల్ల మీద గీస్తున్నాను. చేత్తో ముట్టుకోవడం మాత్రం అదే మొదలు. బీరువా మీద పెట్టి రోజూ చూస్తూ వచ్చాను.

జూన్‌లో వానలు మొదలైన వారానికి, ఒక సాయంత్రం లైటు వేసే వేళకి, గూడు ఒక కొస తడిసి మెత్తబడింది. ఆ తడిలోంచి దారాల్ని పక్కకి తోసుకుంటూ ముడతలు పడిన రెక్కలతో ఒక పట్టుచిలుక బయటికి వచ్చింది. గంటలో ఆ రెక్కలు నా రెండు అరచేతులంత విచ్చుకున్నాయి. పసుపు కలిసిన బూడిద రంగు. ఒక్కో రెక్క మీద అద్దం బిగించినట్టు గుండ్రని కన్ను. ఆ కంట్లోంచి కిటికీ ఊచలు కనిపించాయి.

అది ఆడది. దానికి తినడానికి నోరు లేదు. కిటికీ తెరకి వేలాడి, మగవాటికోసం గాలిలోకి వాసన వదులుతూ ఐదు రాత్రులు కూర్చుంది. ఏలూరు బజారు మధ్యలో దాని పిలుపు వినేవాళ్ళు ఎవరున్నారు? ఎవరూ రాలేదు. పిల్లలు కాని గుడ్లు తెరకి అంటించి, ఆరో పొద్దున నేల మీద పడి ఉంది. "ఆడ పట్టుచిలుక వాసనతో మగవాటిని పిలుస్తుంది" అని క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయేదాన్ని. ఆ ఏడు ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ పిలుపుకి జవాబు వచ్చే చోటు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. దసరా సెలవులు ఇవ్వగానే బయలుదేరాను.

రాత్రి రైలు. రెండో తరగతిలో కిటికీ పక్క చోటు దొరికింది. పొద్దున ఏడుంబావుకి సికింద్రాబాదు. అక్కడ ఇడ్లీ తిని, వాడి జంక్షను వైపు వెళ్ళే పాసింజరు పట్టుకుంటే తొమ్మిదిన్నరకి లింగంపల్లి. స్టేషను బయట సుబ్బారావు బావగారు సైకిలుతో నిలబడి ఉన్నారు. ఆయనది గుడివాడ. ఈ ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో ఫిట్టరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నా సంచీ సైకిలుకి తగిలించి, "ఏడుకొండలవాణ్ణి చూడ్డానికి ప్రయాణం చేసేవాళ్ళని చూశాను గానీ, పురుగుని చూడ్డానికి రైలెక్కినదానివి నువ్వొక్కదానివే" అన్నారు. కాలనీ చేరేదాకా ఆ మాటే రకరకాలుగా అంటూనే ఉన్నారు.

అక్క ఇంట్లో భోజనం చేసి, రెండు గంటల బస్సుకి నేనూ అక్కా పటాన్‌చెరు బయలుదేరాం. అది సంగారెడ్డి వెళ్ళే బస్సు, నిండా జనం. బొంబాయి రోడ్డుకి రెండు పక్కలా జొన్న చేలు, మధ్యలో అక్కడక్కడా కొత్తగా లేచిన ఇనప షెడ్లు, ముళ్ళకంచెలు. నా పక్కన సంగారెడ్డి కచేరీకి పోతున్న పెద్దాయన ఒకరు ఆ షెడ్లని వేలితో చూపిస్తూ, "ఇది మందుల కంపెనీ. అది గొట్టాల కంపెనీ. గది ఏందో ఇంక పేరు పెట్టలే" అన్నాడు. ఆయన గొంతులో సంతోషమూ లేదు, బాధా లేదు. ఊళ్ళ పేర్లు చెప్పినట్టే చెప్పాడు.

పటాన్‌చెరులో దిగి, రోడ్డు దాటి, ఉత్తరంగా మైలున్నర నడిస్తే ఎస్తేరమ్మ మెట్టచేను, అక్కడివాళ్ళ మాటలో చెలక. బావగారికి గూడు దొరికింది ఆ చెలక గట్టునే. ఎస్తేరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ చేనుకి. అక్క దగ్గరికి వారానికోసారి కూరగాయలు తెస్తుంది గనక పరిచయం. మేం వచ్చిన పని చెప్పగానే నవ్వలేదు. "రాండ్రి, సూపిస్త" అని ముందు నడిచింది.

చెలక చివర ఎండిన కాలవ వెంట నాలుగు ఏరుమద్ది చెట్లు, వాటి కింద గుబురుగా రేగు పొదలు. ఎస్తేరమ్మ ఒక కొమ్మ వంచింది. నాకు ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. "సక్కగ సూడు టీచరమ్మా" అంది. అప్పుడు ఆ ఆకుల్లో ఒకటి కదిలింది.

నా చూపుడు వేలు కంటే పొడుగు, బొటనవేలు కంటే లావు. లేత పచ్చన. ఒళ్ళంతా కణుపులు, పక్కల మీద వెండి చుక్కలు. ఎండ పడినప్పుడు ఆ చుక్కలు నీటి బొట్లలా మెరిశాయి. పురుగు రేగాకు అంచుని ముందు కాళ్ళ మధ్య పట్టుకుని, పైనుంచి కిందికి తింటూ వస్తోంది. చెవి దగ్గర పెడితే కరకర వినిపించింది. గుడ్డులోంచి వచ్చినప్పుడు చీమంత. నాలుగుసార్లు చర్మం విడిచి ఇంతైంది. పట్టుచిలుకకి నోరుండదు గనక, ఆ బతుక్కి కావలసిన తిండంతా ఇదే ముందుగా తినిపెట్టాలి. నేను పుస్తకంలో చదివిన సంగతే. కానీ ఆ కరకర విన్నాక, తనకి తినే దారి లేని ఇంకో రోజు కోసం అది పడుతున్న తొందర అర్థమైంది.

పక్క కొమ్మ మీద ఇంకొకటి గూడు మొదలుపెట్టింది. ముందు పుల్ల చుట్టూ దారంతో ఉంగరం అల్లి, అక్కణ్ణుంచి తొడిమ దించి, మూడు ఆకుల్ని దగ్గరికి లాక్కుని వాటి మధ్య దూరింది. దారాల వల ఇంకా పలచగానే ఉంది. లోపల పురుగు తల అటూ ఇటూ తిప్పుతూ, ఎనిమిది అంకె వేస్తున్నట్టు దారం పోస్తోంది. ఎవరూ నేర్పలేదు. దాని తల్లి అది పుట్టకముందే చచ్చిపోయింది. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. అక్క రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు.

లేచి, రేపు మళ్ళీ వస్తానని ఎస్తేరమ్మతో అన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు పొద్దుగాల బుల్డోజర్ వస్తదమ్మా. ఈ జాగ కంపెనీ తీసుకున్నది. చెట్లన్ని తీసేస్తరు."

ఆమెకి నా మొహం చూసి జాలి వేసినట్టుంది. తన భర్త యాకోబుకి ఆ కంపెనీలోనే వాచ్‌మన్ నౌకరీ ఇస్తామన్నారని, వానలు మొహం చాటేసిన రెండేళ్ళూ కూలికి పోయి బతికామని, నెలజీతం వస్తుందంటే చెట్ల గురించి పోట్లాడలేనని చెప్పింది. అందులో తప్పు పట్టడానికి నేనెవర్ని? కాస్త ఆగి ఆమే అంది: "చెట్లు పోతె పోనియ్. గని గీ పురుగులేం జేసినయమ్మా? మా తల్లిగారిది వెలిమెల. ఆడ వాగొడ్డున గిసొంటి మద్ది చెట్లే ఉన్నయ్. బండి గట్టమంట మా ఆయనను. నువ్వు తోలుకపోతనంటె సూడు."

తోలుకుపోతానన్నాను. పురుగుల్ని ఎలా తరలించాలో నాకు తెలియదని చెప్పడానికి మొహమాటపడ్డాను.

మర్నాడు పొద్దున ఆరు గంటలకి మొదటి బస్సులో నేనొక్కదాన్నే వెళ్ళాను. బావగారికి ఆ రోజు షిఫ్టు లేదు. పడుకునే ఉన్నారు. నేను చేరేసరికి యాకోబు బండిలో గడ్డి పరిచి సిద్ధంగా ఉన్నాడు. పసుపు రంగు బుల్డోజరు కూడా సిద్ధంగానే ఉంది. దాని పక్కన ముప్పై ఏళ్ళ నల్లటి సన్నటి మనిషి డబ్బాతో నీళ్ళు పోస్తున్నాడు.

ఆ యంత్రాన్ని చూడగానే నాకు కంగారు పుట్టింది. పరుగున వెళ్ళి, అందిన మొదటి కొమ్మ మీది పురుగుని పట్టుకుని లాగాను. అది వెనక కాళ్ళతో పుల్లని కరుచుకుని వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. చేతికి వచ్చింది గానీ, కాళ్ళ దగ్గర చర్మం చిరిగి పచ్చటి రసం నా వేళ్ళ మీద కారింది. పన్నెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఒక్క నిమిషంలో దాన్ని చంపేశాను.

వెనక నుంచి "ఖీంచో మత్, దీదీ" అని వినబడింది. లాగొద్దంటున్నాడు. బుల్డోజరు డ్రైవరు. చేతిలో డబ్బా అలాగే పట్టుకుని, ఆకుల్లోకి చూస్తూ నిలబడ్డాడు. "యే తో తసర్ హై" అన్నాడు. దసలికి హిందీలో అదే పేరు.

నాకు వచ్చిన హిందీ కొంచెం. ఎస్తేరమ్మకి సంతలో నేర్చుకున్న ఉర్దూ ఉంది. ఆమె అడిగి నాకు చెప్పింది. అతని పేరు మంగల్. బీహారులో చాయిబాసా వైపు అడవి పల్లె. అక్కడ వాళ్ళ తాతముత్తాతలు ఈ పురుగుల్నే చెట్ల మీద పెంచేవాళ్ళు. చిన్నప్పుడు తను కూడా తాతతో పాటు చెట్ల కింద కాపలా కూర్చుని, కాకుల్ని మట్టి ఉండలతో కొట్టేవాడట. ఊరు వదిలి ఎనిమిదేళ్ళైంది. ఇంత దూరంలో ఇవి ఉంటాయని అనుకోలేదట.

అతను కొడవలి అడిగి తీసుకున్నాడు. పురుగుని తాకకుండా, అది కూర్చున్న కొమ్మనే జానెడు కింద కోశాడు. గూడు కట్టేసినవాటికి ఇంకా పొడుగ్గా, చుట్టూ ఆకులతో సహా కోశాడు. కొత్త చోట ఆ కొమ్మల్ని పచ్చటి చెట్టుకి కట్టేస్తే చాలునట. ఆకు వాడగానే పురుగే నడిచి కొత్త ఆకు మీదికి పోతుంది. మొదలు చుట్టూ బూడిద పోస్తే చీమలు ఎక్కవు. సగంలో ఉన్న గూడుని మాత్రం కదపకూడదు, కదిపితే పురుగు పని మానేసి చస్తుంది. ఇవన్నీ ఎస్తేరమ్మతో ఒక్కొక్కటిగా చెప్పాడు. నిన్న నేను చూసిన గూడు ఇప్పటికి దారం నిండి గట్టిపడుతోంది. దాన్ని వేలితో మెల్లగా తట్టి, చెవి పెట్టి విని, "యే జాయేగా" అన్నాడు. ఇది ప్రయాణానికి తట్టుకుంటుందని.

తొమ్మిదింటికి కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద వచ్చాడు. చెట్లు నిలబడే ఉన్నాయి, యంత్రం ఆగి ఉంది. డ్రైవరు కొడవలితో రేగు పొదలో ఉన్నాడు. ఏమిటిదని గద్దించాడు. మంగల్ తల దించుకుని, ఇంజను వేడెక్కుతోంది, ఆపాను అన్నాడు. అబద్ధం ఆడడం అలవాటు లేని గొంతు. సూపర్‌వైజరు నమ్మలేదు. స్టార్ట్ చెయ్యమన్నాడు.

అప్పుడే మా బావగారు సైకిలు దిగారు. నేను ఒంటరిగా వెళ్ళానని అక్క లేపి పంపిందట. ఆయన అందరి మొహాలూ ఒకసారి చూశారు. బండిలో సగం నిండిన కొమ్మలు చూశారు. నా వేళ్ళ మీది పచ్చరసం చూశారు. సైకిలు స్టాండు వేసి, చొక్కా చేతులు మడిచి, తిన్నగా బుల్డోజరు దగ్గరికి వెళ్ళి మూత ఎత్తారు.

"ఎవరు మీరు?" అన్నాడు సూపర్‌వైజరు.

"పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. పదకొండేళ్ళ సర్వీసు. ఫాను బెల్టు చూశారా? ఇలాగే నడిపిస్తే మధ్యాహ్నానికి ఇంజను పట్టేస్తుంది. మీ ఇష్టం, రాసిచ్చి నడిపించుకోండి."

రాసివ్వమనే మాటకి ఆ మనిషి వెనక్కి తగ్గాడు. ఎంతసేపు పడుతుందని అడిగాడు. బావగారు గడియారం చూసుకుని, చల్లారాలి, బెల్టు బిగించాలి, పన్నెండు దాటుతుందన్నారు. అతను మంగల్‌ని నాలుగు తిట్లు తిట్టి, పన్నెండున్నరకి వస్తానని పోయాడు. ఆ మూడు గంటలూ మా బావగారు గుడివాడ ఫిట్టరు మొహంతో ఆ బెల్టు ఊడదీసి, బిగించి, మళ్ళీ ఊడదీశారు. మిగతావాళ్ళం కొమ్మలు కోశాం. పురుగుని చూడ్డానికి రైలెక్కడం గురించి ఆయన ఆ తరవాత ఇంకెప్పుడూ ఎగతాళి చెయ్యలేదు.

పన్నెండుకి బండి కదిలింది. కొమ్మల మీద తడి గోనెలు కప్పాం. సగంలో ఉన్న గూళ్ళు మూడు చెట్టు మీదే ఉండిపోయాయి. వాటి దగ్గర మంగల్ ఒక నిమిషం నిలబడ్డాడు. మాతో రాలేడు కదా. బండి వెనక పది అడుగులు నడిచి వచ్చి, చెట్టుకి నీడ ఉన్న పక్కనే కట్టమని ఎస్తేరమ్మకి ఇంకోసారి చెప్పి ఆగిపోయాడు. మేం బొంబాయి రోడ్డు దాటుతుండగా దూరంగా ఇంజను చప్పుడు మొదలైంది. ఎవరం వెనక్కి తిరగలేదు.

వెలిమెల చేరడానికి మూడు గంటలు పట్టింది. దారిలో ఎస్తేరమ్మ మూట విప్పి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. అంత రుచైన భోజనం ఆ ప్రయాణంలో ఇంకెక్కడా తినలేదు. వాగొడ్డున మద్ది చెట్లు ఆమె చెప్పినట్టే ఉన్నాయి, ఇంకా గుబురుగా. ఆమె తమ్ముడూ మరదలూ వచ్చి సాయం పట్టారు. నార తాళ్ళతో కొమ్మలు కట్టి, మొదళ్ళ చుట్టూ బూడిద పోసేసరికి ఎండ వాలింది. అంతలోనే ఒక పురుగు వాడిన రేగాకు వదిలి, తాడు మీదుగా మెల్లగా నడుచుకుంటూ మద్దాకు మీదికి వెళ్ళి, వాసన చూసి, తినడం మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ చేతులు జోడించి ప్రార్థన చేసుకుంది. నేను చెయ్యలేదు గానీ, ఆమె ముగించేదాకా పక్కనే నిలబడ్డాను.

ముందెప్పుడో కట్టిన పాత గూడు ఒకటి కూడా కోసిన కొమ్మతో వచ్చింది. చీకటి పడే వేళకి దాని కొస తడిసింది. అన్నీ ఒకే రోజున విచ్చుకోవు, ముందూ వెనకా వస్తుంటాయి. నా అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం దాని వంతు. ఆడదే. విడిచిన గూడుకే వేలాడి రెక్కలు ఆరబెట్టుకుంది. కొత్త చోటు, కొత్త చెట్టు. ఇక్కడ మగవి ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. నాకు ఏలూరులో గడిచిన ఐదు రాత్రులు గుర్తొచ్చి, ఎస్తేరమ్మ తమ్ముడి ఇంట్లో నిద్ర సరిగ్గా పట్టలేదు.

తొలి వెలుగు రాగానే వాగు దగ్గరికి వెళ్ళాను. ఎస్తేరమ్మ అప్పటికే అక్కడుంది. వేలు పెదాల మీద పెట్టి పైకి చూపించింది.

ఆడదానికి తోడుగా ఒక మగది కలిసి ఉంది. ఇటుక రంగు, ఈకల్లాంటి మీసాలు. పక్క కొమ్మలకి మరో రెండు మగవి వేలాడుతున్నాయి. మేం తెచ్చిన గూళ్ళన్నీ మళ్ళీ చూశాం. ఆ ఒక్కటి తప్ప ఏదీ విచ్చుకోలేదు. కలిసి ఉన్న మగదాని రెక్క అంచులు ముళ్ళకి తగిలి పీలికలైనట్టున్నాయి. ఒక అద్దపు కన్ను పగిలి ఉంది. ఎన్ని చేలు దాటి, ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పడం నా చదువుకి సాధ్యం కాదు. గాలిలో కలిసిన, మన ముక్కుకి అందని ఒక వాసన కొసని పట్టుకుని వచ్చింది. అంతే తెలుసు.

"రాత్రి చీకట్ల గింత చెట్టు, గింత కొమ్మ ఎట్ల దొర్కిందమ్మా దీనికి?" అంది ఎస్తేరమ్మ గుసగుసగా.

టీచర్ని కదా, మీసాల గురించి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అదంత సరే గని, ఎట్ల దొర్కింది?" అని మళ్ళీ అడిగింది. నేను నవ్వేశాను.

చూడదలచినవాళ్ళకి ఒక మాట. తొలకరి తరవాత గానీ, దసరా ముందువెనకల గానీ వెళ్ళండి. వెలిమెలకి బస్సు లేదు. లింగంపల్లిలో దిగి తెల్లాపూర్ మీదుగా నడవాలి, లేదా బండి దొరకాలి. నీళ్ళు తీసుకెళ్ళండి. పురుగుని చేత్తో లాగకండి.

నేనూ ఆ దారినే వెనక్కి వచ్చాను. తెల్లాపూర్ దాకా బండి, అక్కణ్ణుంచి కాలినడక. పదకొండుకి అక్క ఇంట్లో స్నానం, భోజనం. మంగల్‌కి ముందురోజు కాంట్రాక్టరు దగ్గర మాటలు పడ్డాయనీ, పని మాత్రం పోలేదనీ బావగారు కనుక్కుని వచ్చి చెప్పారు. ఒక మంచి కొడవలి కొని అతనికి ఇవ్వమని బావగారిని అడిగాను. ఎందుకని అడగకుండా సరేనన్నారు.

సాయంత్రం రైల్లో నాకెదురుగా ఖమ్మం వెళ్తున్న ఒకావిడ కూర్చుంది. హైదరాబాదులో ఏమేం చూశారని అడిగింది. ఏమీ చూడలేదు, పటాన్‌చెరు అవతల పట్టుపురుగుల్ని చూశానన్నాను. ఆవిడ తన మూటని కొంచెం తన వైపుకి జరుపుకుంది. కాసేపయ్యాక, "పురుగుల్లో చూడ్డానికేముంటుందండీ?" అంది.

కరకరతో మొదలుపెట్టి చెప్పాను. తన తిండి తాను ముందే తినిపెట్టుకోవడం, పుల్లకి ఉంగరం తొడగడం, తలతో ఎనిమిది అంకె వెయ్యడం, చిరిగిన రెక్కలతో చీకట్లో ఒక కొమ్మని వెతుక్కుంటూ రావడం. నేనింత అందమైనది ఇంతవరకు చూడలేదని కూడా చెప్పాను. అది చెబుతున్నప్పుడు ఆ వాగూ, ఆ కొమ్మా కళ్ళముందే ఉన్నాయి. కాజీపేట దాటింది. ఆవిడ చేతిలో వక్కపొడి పొట్లం విప్పడం మరిచి వింది.

"మరి ఆ ఆడది ఇప్పుడేం చేస్తూంటుంది?" అని అడిగింది.

కిటికీ బయట పొద్దు పూర్తిగా వాలింది. గడియారం చూసుకున్నాను.

"మగది వెళ్ళిపోయి ఉంటుంది. ఈ వేళకి ఒక్కో ఆకు ఎంచుకుంటూ గుడ్లు పెడుతుంటుంది" అన్నాను.